గేటు దాటిన డ్రమ్ము కూడా మీ ఖాతాలోదే: ప్రమాదకర వ్యర్థాల నియమాలు పాటించడం ఎలా

పొల్యూషన్ కంట్రోల్ బోర్డు ఇంజనీరు ఫ్యాక్టరీకి వస్తే ముందు పొగగొట్టం వైపు, తర్వాత డ్రెయిన్ వైపు చూస్తారని మనకో నమ్మకం. చూస్తారు, కాదనను. కానీ చిన్న, మధ్యతరహా యూనిట్లు ఎక్కువగా దొరికిపోయేది అక్కడ కాదు. "పోయిన ఏడాది మీ దగ్గర వాడిన ఆయిల్ ఎంత వచ్చింది, ఎవరికిచ్చారు, కాగితాలు తీయండి" అన్నప్పుడు. స్టోర్స్ కుర్రాడు ఒక లెక్క చెబుతాడు, అకౌంట్స్ వాళ్ల బిల్లు ఇంకో లెక్క చెబుతుంది, బోర్డుకు పంపిన రిటర్న్‌లో మూడో లెక్క ఉంటుంది. కన్సల్టెంటుకు ఫోన్ చేస్తే ఎత్తడు. టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

ప్రమాదకర వ్యర్థాల నియమాల్లో అసలు పని ఈ లెక్కలన్నీ ఒకటే మాట చెప్పేలా చూసుకోవడం. పనంతా ఆ దారి వెంటే చెబుతాను. మన దేశంలో ఈ నియమాలు మొదట 1989లో వచ్చాయి, 2008లో మారాయి. ఇప్పుడు అమల్లో ఉన్నవి 2016 ఏప్రిల్ 4న పర్యావరణ పరిరక్షణ చట్టం కింద నోటిఫై అయినవి. ఆ తర్వాత సవరణలు చాలా జరిగాయి కాబట్టి నెట్‌లో దొరికిన పాత పీడీఎఫ్ మీద ఆధారపడకండి.

ముందు తేల్చుకోవాల్సింది: మీకు వర్తిస్తుందా?

"మాది కెమికల్ ఫ్యాక్టరీ కాదు కదండీ" అనే మాట నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. డీజిల్ జనరేటర్‌కు ఆయిల్ మారుస్తారా? హైడ్రాలిక్ ప్రెస్ ఉందా? పెయింట్ బూత్, ప్లేటింగ్ ట్యాంకు, ఈటీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు), వీటిలో ఏదైనా ఉందా? ఉంటే మీ దగ్గర ప్రమాదకర వ్యర్థం పుడుతున్నట్టే. యూనిట్ ఎవరి అధీనంలో ఉందో వాళ్లను నియమాలు 'ఆక్యుపయర్' అంటాయి. హౌస్‌కీపింగ్ కాంట్రాక్టరు కాదు, మీరే.

ఒక వ్యర్థం ఈ నియమాల కిందికి రావడానికి ప్రధానంగా రెండు దారులు. మొదటిది షెడ్యూల్-1. అందులో 38 రకాల ప్రక్రియలు, ఒక్కోదాని నుంచి వచ్చే వ్యర్థాలు నంబర్లతో సహా ఉంటాయి. మీ వ్యర్థం పేరు అందులో ఉంటే అది ప్రమాదకర వ్యర్థం కిందికి వస్తుంది. రెండోది షెడ్యూల్-2. జాబితాలో పేరు లేకపోయినా గుణాన్ని బట్టి చిక్కుతుంది. నీటిలోకి ఊరే సీసం లీటరుకు 5 మిల్లీగ్రాములు, కాడ్మియం 1, పాదరసం 0.2 చేరిందంటే అది ప్రమాదకరమే. మంట త్వరగా అంటుకునేది, పీహెచ్ 2 గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్న ఆమ్లం, 12.5 గానీ ఆపైన గానీ ఉన్న క్షారం కూడా అంతే.

కొన్నిటికి వేరే చట్టాలున్నాయి. డ్రెయిన్‌లో పోయే మురుగునీరు 1974 నీటి చట్టం కిందికి, పొగ 1981 గాలి చట్టం కిందికి వస్తాయి. ఫస్ట్ ఎయిడ్ గదిలోని సూదులు బయోమెడికల్ నియమాల కిందికి, పాత బ్యాటరీలు 2022 బ్యాటరీ నియమాల కిందికి, పాడైన కంప్యూటర్లు, ట్యూబ్‌లైట్లు ఈ-వేస్ట్ నియమాల కిందికి వెళ్తాయి. వీటిని తెచ్చి హజార్డస్ రిజిస్టర్‌లో రాస్తే లెక్క అక్కడే చెడుతుంది.

షాపు ఫ్లోర్ మీద ఒక రోజు తిరగండి

జాబితా ఆఫీసులో కూర్చుని రాయకండి. దీనికి నాకు తెలిసిన మంచి పద్ధతి కొనుగోళ్ల రిజిస్టర్‌తో మొదలుపెట్టడం. ఏడాదిలో లోపలికి వచ్చిన ఆయిల్, గ్రీజు, పెయింట్, థిన్నర్, యాసిడ్, కూలెంట్ అన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత ఒక్కొక్కటీ ఏ రూపంలో బయటికి వెళ్తోందో వెతకండి. పది బ్యారెళ్ల లూబ్రికెంట్ కొని, వాడిన ఆయిల్ సున్నా అని చూపిస్తే ఏ ఇంజనీరూ నమ్మడు. అది ఎటో వెళ్తోంది. చాలాసార్లు మన సెక్యూరిటీ గార్డుకు తెలుసు, మనకు తెలియదు.

మామూలు యూనిట్లలో కనిపించేవి ఇవి, పక్కనున్నది షెడ్యూల్-1 నంబరు:

- మార్చేసిన ఇంజన్, హైడ్రాలిక్, గేర్ ఆయిల్: 5.1
- ఆయిల్ కలిసిన మట్టి, రంపపు పొట్టు, ఫిల్టర్ల వంటి అవశేషాలు: 5.2
- ప్లేటింగ్, పిక్లింగ్ (లోహాన్ని ఆమ్లంతో శుభ్రం చేయడం)లో పనికిరాకుండా పోయిన ఆమ్లాలు, క్షారాలు: 12 కింద
- పెయింట్ బూత్ స్లడ్జ్ (అడుగున చేరే మడ్డి): 21.1
- ఫార్మా యూనిట్లో అవశేషాలు, వాడిన కార్బన్, వాడిన సాల్వెంట్లు, గడువు దాటిన మందులు: 28 కింద
- రసాయనాలు వచ్చిన ఖాళీ డ్రమ్ములు, లైనర్లు: 33.1
- ఆయిల్ తుడిచిన కాటన్ వేస్ట్, గుడ్డలు: 33.2
- ఈటీపీ స్లడ్జ్: 35.3

చివరి మూడింటినీ చాలామంది మరిచిపోతారు. ఖాళీ డ్రమ్ముల సంగతైతే మరీ ఘోరం. నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము చూడగానే "కడిగితే నీళ్లకు పనికొస్తుంది" అని పనివాళ్లు అడుగుతారు, మనం మొహమాటానికి ఇచ్చేస్తాం. సాల్వెంటో పురుగుమందు ముడిసరుకో ఉన్న డ్రమ్ములో ఒక కుటుంబం తాగునీళ్లు పట్టుకుంటుంది. ఎవరడిగినా ఇవ్వకండి. డ్రమ్ములను శుద్ధి చేయడానికి బోర్డు అనుమతి ఉన్న యూనిట్లు ఉన్నాయి, వాళ్లకే పంపండి.

ఆథరైజేషన్

బోర్డు నుంచి మీకు యూనిట్ పెట్టడానికి సీఎఫ్‌ఈ, నడపడానికి సీఎఫ్‌ఓ అనే కన్సెంట్లు (సమ్మతిపత్రాలు) ఉంటాయి. వీటితోపాటు ప్రమాదకర వ్యర్థాలకు ఆథరైజేషన్ అనే అనుమతిపత్రం కావాలి. దరఖాస్తు ఫారం-1లో, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆన్‌లైన్‌లోనే. వ్యర్థం షెడ్యూల్ నంబరు, ఏడాదికి ఎంత పుడుతుంది, ఒకేసారి గరిష్ఠంగా ఎంత నిల్వ ఉంటుంది, ఎలా నిల్వ చేస్తారు, ఎక్కడికి పంపిస్తారు, ఇవన్నీ అడుగుతుంది. సక్రమంగా ఉంటే బోర్డు 120 రోజుల్లోపు ఫారం-2లో ఐదేళ్లకు ఇస్తుంది.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు పరిమాణం తక్కువ చూపించడం. తక్కువ చూపిస్తే బోర్డు పెద్దగా పట్టించుకోదని ఒక అపోహ. రెండో ఏడాదికి ఉత్పత్తి పెరుగుతుంది, స్లడ్జ్ పెరుగుతుంది, ఆథరైజేషన్‌లో రాసిన అంకె దాటిపోతుంది. అప్పుడు నిజం రాస్తే ఉల్లంఘన, అబద్ధం రాస్తే ఇంకా పెద్ద ఉల్లంఘన. ఏడాది వాస్తవ సగటు తీసుకుని, రాబోయే విస్తరణను కలిపి రాయండి. మరీ పెంచి రాసినా "ఇంత ఎందుకొస్తోంది, తగ్గించే ప్రయత్నం చేశారా" అని అడుగుతారు. నియమాల్లో వరస స్పష్టంగా ఉంది: అసలు పుట్టకుండా చూడాలి, తగ్గించాలి, మళ్లీ వాడాలి, రీసైకిల్ చేయాలి, శక్తినో పదార్థాన్నో రాబట్టాలి, చివరికి మాత్రమే పూడ్చడం, కాల్చడం.

ఒక మినహాయింపు ఉంది. 2019 మార్చి సవరణ ప్రకారం, నీటి, గాలి చట్టాల కింద కన్సెంట్ అవసరం లేని పరిశ్రమలకు ఈ ఆథరైజేషన్ కూడా అక్కర్లేదు. కానీ వ్యర్థాన్ని అనుమతి ఉన్న వాళ్లకే అప్పగించాలి. మాకు మినహాయింపు ఉందని స్క్రాప్ బండికి ఎక్కిస్తే ఆ మినహాయింపే పోతుంది.

నిల్వ: 90 రోజుల గడియారం

వ్యర్థం మీ ఆవరణలో ఉండగలిగేది 90 రోజులు. ఏడాదికి పది టన్నుల లోపు పుట్టే చిన్న యూనిట్లకు బోర్డు దీన్ని 180 రోజుల దాకా పొడిగించవచ్చు. 'పొడిగించవచ్చు' అంటే అడిగి తీసుకోవాలి, దానంతటదే రాదు. చిన్న యూనిట్ల అసలు ఇబ్బంది నాకు తెలుసు. నెలకు రెండు డ్రమ్ములు వస్తే దానికోసం లారీ పెట్టలేం, లోడు నిండే దాకా ఆగుతాం, ఈలోపు నాలుగు నెలలు గడిచిపోతాయి. దానికి పరిష్కారం ముందే బోర్డును పొడిగింపు కోరడం, లేదా అదే ఎస్టేట్‌లోని ఇతర యూనిట్ల ట్రిప్పులు ఒకే రోజు పడేలా సేకరించేవాళ్లతో మాట్లాడుకోవడం. అప్పుడు కూడా ఎవరి కాగితం వాళ్లదే.

షెడ్డు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తనిఖీలో ముందు అడిగేది అదే. పైకప్పు ఉండాలి, వానచినుకు పడకూడదు. నేల సిమెంటుదై, పగుళ్లు లేకుండా ఉండాలి. కారితే బయటికి పోకుండా చుట్టూ గట్టు, లోపల ఒక మూలకు వాలు, ఆ మూలలో చిన్న గుంత కట్టించండి. ఆ గుంతను వాననీటి కాలువకు కలిపిన వాళ్లను చూశాను. అలా చేస్తే గట్టు కట్టిన ఖర్చంతా వృథా. గట్టు లోపల పట్టే పరిమాణం కనీసం మీ అతిపెద్ద డ్రమ్ము మొత్తం కారినా సరిపోయేలా చూసుకోండి. తాళం, అగ్నిమాపక సిలిండరు, ఇసుక బకెట్లు, కళ్లు కడుక్కునే నీళ్లు ఉండాలి. డ్రమ్ములు నేల మీద కాకుండా ప్యాలెట్ల మీద పెట్టండి, మధ్యలో మనిషి నడిచి కింద కారుతోందో లేదో చూడగలిగేంత దారి వదలండి.

కలపకూడనివి కలపకండి. ఆమ్లం పక్కన సయనైడ్ స్లడ్జ్ ఉంటే అది నిల్వ కాదు, విషవాయువు తయారీ. వాడిన ఆయిల్‌లో కూలెంట్ నీళ్లో థిన్నరో పోస్తే ఆ ఆయిల్ రీసైక్లర్‌కు పనికిరాదు. అప్పటిదాకా డబ్బులిచ్చి పట్టుకెళ్లేవాడు ఇప్పుడు మీరే డబ్బులిస్తే గానీ తీసుకెళ్లడు. వేరు వేరుగా ఉంచడం వల్ల జేబుకు కూడా లాభమే.

ప్రతి డ్రమ్ముకూ ఫారం-8 లేబుల్ అతికించాలి. చెరిగిపోనిది, వానకు తడిసినా నిలిచేది అని నియమమే చెబుతుంది. వ్యర్థం పేరు, నంబరు, మీ వివరాలతోపాటు డ్రమ్ము నింపడం మొదలుపెట్టిన తేదీ రాయండి. తేదీ లేని డ్రమ్ము ఉంటే 90 రోజులు దాటలేదని మీరు రుజువు చేయలేరు.

గేటు దగ్గర పెట్టాల్సిన సమాచార బోర్డు సంగతి మరవకండి. 2003 అక్టోబరు 14 నాటి సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత, ప్రధాన ద్వారం బయట మీ రసాయనాలు, మురుగునీరు, పొగ, వ్యర్థాల వివరాలు ప్రదర్శించడం తప్పనిసరి షరతుగా వస్తోంది. రంగు వెలిసి, మూడేళ్ల నాటి అంకెలున్న బోర్డు కంటే ఏ బోర్డూ లేకపోవడమే నయమనిపిస్తుంది తనిఖీలో.

ఎవరికి అప్పగించాలి

మూడు దారులు. పూడ్చాల్సినవి, కాల్చాల్సినవి టీఎస్‌డీఎఫ్‌కు, అంటే వ్యర్థాలను శుద్ధి చేసి, నిల్వ చేసి, వదిలించే కేంద్రానికి. తెలంగాణలో దుండిగల్, ఆంధ్రప్రదేశ్‌లో పరవాడ ఇందుకు అందరికీ తెలిసిన చోట్లు. వాడిన ఆయిల్, లోహపు అవశేషాల వంటి రీసైకిల్ అయ్యేవి బోర్డు ఆథరైజేషన్ ఉన్న రీసైక్లర్‌కు. వేడినిచ్చే గుణం ఉన్నవి సిమెంటు ఫ్యాక్టరీ కొలిమిలో కో-ప్రాసెసింగ్‌కు, అంటే ఇంధనంగానో ముడిసరుకుగానో వాడటానికి. టీఎస్‌డీఎఫ్‌లో పూడ్చడం కంటే ఇది నియమాల వరసలో ముందుంది, తరచుగా చవక కూడా.

తీసుకునేవాళ్ల ఆథరైజేషన్ కాపీ అడిగి మూడు విషయాలు చూడండి. గడువు ఉందా, మీ వ్యర్థం నంబరు అందులో ఉందా, ఈ ఏడాది పరిమాణం ఇంకా మిగిలి ఉందా. మూడోది చాలామంది చూడరు. మీ 5.1 ఆయిల్‌కు లైసెన్సు ఉన్నవాడు 5.2 మట్టిని కూడా "నేను చూసుకుంటాలెండి" అంటాడు. చూసుకోలేడు. అది ఏ రోడ్డు పక్కనో తేలితే డ్రమ్ము మీద మీ లేబులే ఉంటుంది.

వ్యర్థం రాష్ట్రం దాటితే ఇంకో నియమం. పూడ్చడానికి, కాల్చడానికి వేరే రాష్ట్రానికి పంపితే రెండు రాష్ట్రాల బోర్డుల నుంచీ ముందే ఎన్‌ఓసీ కావాలి. రీసైక్లింగ్‌కు, కో-ప్రాసెసింగ్‌కు అయితే రెండు బోర్డులకూ ముందుగా తెలియజేస్తే చాలు. హైదరాబాద్ యూనిట్ నుంచి ఆంధ్రలోని సిమెంటు ఫ్యాక్టరీకి పంపడం కూడా ఇప్పుడు రాష్ట్రం దాటడమే. 2014కు ముందు అలవాటుపడ్డ వాళ్లు ఇక్కడ తడబడతారు.

మానిఫెస్ట్: ఏడు రంగుల కథ

ఈ మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. మానిఫెస్ట్ అంటే వ్యర్థంతోపాటు నడిచే రవాణా పత్రం, ఫారం-10లో ఏడు కాపీలు. పంపేవాళ్లు ఏడింటి మీదా సంతకం చేస్తారు. తెలుపు కాపీ మీరు బోర్డుకు పంపాలి. పసుపు కాపీ మీద రవాణాదారు సంతకం తీసుకుని మీ దగ్గర ఉంచుకోవాలి. మిగతా ఐదూ బండితో వెళ్తాయి. చేరినచోట గులాబీ కాపీ తీసుకున్నవాళ్లు ఉంచుకుంటారు, నారింజ రంగుది రవాణాదారుకు ఇస్తారు, ఆకుపచ్చది వాళ్లు బోర్డుకు పంపుతారు, నీలం కాపీ మీకు తిరిగి పంపుతారు. పంపినవాళ్లది వేరే రాష్ట్రమైతే బూడిద రంగు కాపీ ఆ రాష్ట్ర బోర్డుకు వెళ్తుంది. ఆన్‌లైన్ మానిఫెస్ట్‌లో రంగులు కనిపించవు గానీ నడక ఇదే.

నీలం కాపీ వచ్చేదాకా మీ పని పూర్తికాలేదు. పసుపు కాపీ మీ గేటు దాటిందని చెబుతుంది, నీలం కాపీ గమ్యం చేరిందని చెబుతుంది. రెండింటి మధ్య దారిలో ఏమైనా జరగవచ్చు. కాబట్టి క్యాలెండర్‌లో రాసుకోండి: బండి వెళ్లి పదిహేను రోజులైనా నీలం కాపీ రాలేదంటే ఫోన్, నెలైతే లిఖితపూర్వకంగా లేఖ. ఆ లేఖ కాపీ ఫైల్లో ఉంటే రేపు ఏదైనా జరిగినప్పుడు మీరు ఊరికే కూర్చోలేదని చూపించవచ్చు.

తూకం తేడాలు వస్తాయి. మీ కాటాలో 4,200 కిలోలు, వాళ్ల వేబ్రిడ్జ్‌లో 4,050. స్లడ్జ్‌లో నీరు ఆరిపోతుంది, అది సహజం. కానీ మీ రోజువారీ రికార్డు ఫారం-3లో ఒకటి, మానిఫెస్ట్‌లో ఒకటి రాయకండి. ఏ తూకాన్ని ప్రామాణికంగా తీసుకుంటారో ఒప్పందంలోనే రాసుకోండి, రెండు తూకం చీటీలూ మానిఫెస్ట్‌కు పిన్ చేయండి.

బండి విషయంలో డ్రైవరు లైసెన్సు మీద ప్రమాదకర సరుకు రవాణా అనుమతి ఉందో లేదో చూసి, ఫారం-9 ట్రెమ్ కార్డు చేతికివ్వండి. దారిలో బోల్తాపడితే ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో అందులో ఉంటుంది. డ్రైవరుకు చదవడం వచ్చిన భాషలో ఒక కాపీ ఇవ్వడం చిన్న పనే, చేసేవాళ్లు తక్కువ. రవాణా బాధ్యత ఎవరిదో, మీదా తీసుకునేవాళ్లదా, మానిఫెస్ట్‌లోనే స్పష్టంగా రాయాలి.

రిజిస్టర్, రిటర్న్

ఫారం-3 రోజువారీ రికార్డు. పుట్టినప్పుడు రాయాలి, బండి వెళ్లినప్పుడు కాదు. ఫారం-4 వార్షిక రిటర్న్, గడిచిన ఆర్థిక సంవత్సరానికి జూన్ 30 లోపు ఇవ్వాలి. ఏప్రిల్ మొదటి వారంలోనే ఒక పూట కూర్చుని ఈ లెక్క వేయండి: పోయిన ఏడాది ఏప్రిల్ 1 నాటి నిల్వ, దానికి ఏడాదిలో పుట్టినది కలపండి, పంపినది తీసేయండి, మార్చి 31 నాటి నిల్వ రావాలి. ఆ నిల్వ షెడ్డులో లెక్కపెట్టిన డ్రమ్ములతో కలవాలి. పంపినది మానిఫెస్ట్‌ల కూడికతో కలవాలి. పుట్టినది ఆథరైజేషన్ అంకెను దాటకూడదు. ఎక్కడైనా తేడా కనిపిస్తే అంకె సర్దకుండా కారణం రాసిపెట్టండి. సర్దిన అంకె ఇంకో మూడు చోట్ల పొసగదు. జూన్ 29న కన్సల్టెంటు పోయిన ఏడాది రిటర్న్ కాపీ చేసి పంపేయడం చాలాచోట్ల నడుస్తోంది. రెండేళ్ల రిటర్న్‌లు పక్కపక్కన పెట్టి చూస్తే అక్షరం తేడా ఉండదు, చూసేవాళ్లకు అర్థమైపోతుంది.

ప్రమాదం జరిగితే

షెడ్డులో మంటలు, బండి బోల్తా, డ్రమ్ము పగిలి కాలువలోకి పోవడం, ఏదైనా సరే వెంటనే బోర్డుకు ఫోన్, ఈమెయిల్, తర్వాత ఫారం-11లో నివేదిక. ముందు కడిగేసి తర్వాత చెబుదామనుకోవద్దు. కడిగిన నీళ్లు కూడా ప్రమాదకర వ్యర్థమే. ఇసుకతో, రంపపు పొట్టుతో పీల్చి, ఆ పొట్టును డ్రమ్ములో నింపి లేబుల్ వేయండి.

తప్పితే ఏమవుతుంది

పర్యావరణ పరిరక్షణ చట్టం కింద పాత జైలు శిక్షల స్థానంలో 2023 జన్ విశ్వాస్ చట్టం జరిమానాలు తెచ్చింది, 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఒక్కో ఉల్లంఘనకు 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా. జైలు పోయిందని సంబరపడేవాళ్లకు ఒక మాట: జరిమానా 90 రోజుల్లో కట్టకపోతే మళ్లీ జైలు దాకా వెళ్తుంది. దీనికి తోడు నియమాల్లోని 23వ నియమం ప్రకారం పర్యావరణానికో ఇతరులకో జరిగిన నష్టానికి ఆక్యుపయర్ బాధ్యుడు. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక ప్రాంతాల్లో చెడిపోయిన భూగర్భజలాలను చూసినవాళ్లకు ఆ నష్టానికి లెక్క కట్టడం ఎంత కష్టమో తెలుసు.

బోర్డు ఆథరైజేషన్ నిరాకరించినా, సస్పెండ్ చేసినా, రద్దు చేసినా అప్పీలుకు 30 రోజుల గడువుంది, ఫారం-12లో. ఉత్తర్వు చేతికందిన తేదీ కవరు మీద రాసి దాచుకోండి.

యూనిట్ మూసేటప్పుడు, మారేటప్పుడు

లీజు ముగిసి స్థలం ఖాళీ చేసేటప్పుడు షెడ్డులో మిగిలిన పది డ్రమ్ములను వదిలేసి వెళ్లిపోవడం, లేదా యంత్రాలతోపాటు స్క్రాప్ వ్యాపారికి అంటగట్టడం మామూలైపోయింది. చివరి లోడు కూడా మానిఫెస్ట్ మీదే వెళ్లాలి. ట్యాంకులు కడిగిన స్లడ్జ్, యంత్రాల్లోంచి తీసిన ఆయిల్, ఆయిల్ ఇంకిన నేల తవ్వితే వచ్చిన మట్టి, అన్నీ లెక్కలోకి వస్తాయి. 2025లో కలుషిత స్థలాల నిర్వహణకు విడిగా నియమాలు కూడా వచ్చాయి కాబట్టి, ఖాళీ చేసిన నేల గురించి ఏళ్ల తర్వాత ప్రశ్న రావచ్చు. ఖాళీ షెడ్డు ఫొటోలు, చివరి నీలం కాపీలు, ఆ ఏడాది ఫారం-4 ఒక ఫైల్లో పెట్టి, యూనిట్ లేకపోయినా ఆ ఫైలు మాత్రం మీ ఇంట్లో ఉంచుకోండి.